పద్దెనిమిదో ప్రశ్న

ఇరవై రెండు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గడులు.
సున్నా అంటే ఎప్పుడూ లేదు.
నాలుగు అంటే ఎప్పుడూ ఉంది.
తెలుగులో ఈ రెండింటికీ
ఒక్క మాటే ఎడం.

ఇంగ్లీషు ప్రశ్నల్ని తెలుగు చేయడానికి
లక్కసంద్రలో ఒక రేకుల గదిలో నలుగురం కూర్చున్నాం.
పద్దెనిమిదో దాని దగ్గర మూడు మధ్యాహ్నాలు పోయాయి.
ఒకాయన తహతహ అన్నాడు.
ఒకావిడ ఆరాటం అంది.
నేను మా జేజి మాట పెట్టాను: యావ.
మరీ తిట్టినట్టుందమ్మా, అన్నారు.
చివరికి
"ఫోను చేతిలో లేకపోతే మీకు వెలితిగా ఉంటుందా?"
అని రాసుకుని టీకి లేచాం.
దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పినావిడ
వెలితిని తక్కువైన కొలత చేసిందట.
డాక్టర్ శుభద చదివి నవ్వి
"ఇర్లి బిడి" అంది. ఉండనీలే, అని.

మడివాళలో పీజీ మెట్ల మీద నవనీత
అన్నిటికీ రెండే చుట్టింది.
"మధ్యలో ఉంటే ఎవరూ ఏమీ అనరు కదక్కా."
మాట్లాడుతున్నంతసేపూ ఆమె బొటనవేలు
కాగితం అంచును పైకి తోస్తూనే ఉంది,
కింద ఇంకేదో ఉన్నట్టు.

డిప్లొమా తప్పిన తిప్పేశు ఒకటి చుడితే
వాళ్లమ్మ పక్కనుంచి నాలుగు అంది.
మా ఫారంలో అమ్మకు గడి లేదు.
పెన్ను పట్టుకుని ఆమె
తన అరచేతిలో నాలుగు వేసుకుంది.

ఓబులేసును కలవాలంటే రాత్రి పదకొండు దాటాలి.
హెచ్ఎస్ఆర్‌లో అపార్టుమెంటు గేటు,
వాన వెలిసి గొడుగు ఇంకా కారుతోంది.
ప్లాస్టిక్ కుర్చీ నాకిచ్చి తను డ్రమ్ము మీద కూర్చున్నాడు.
ఆరో ప్రశ్న: ఫోను వల్ల నిద్ర చెడుతుందా?
"నిద్ర అమ్ముకొనే కదమ్మా నేను బతికేది.
ఇది ల్యాకుంటే మూడింటికి కన్ను మూత పడతాది.
మూత పడితే జీతం కోస్తారు."
నాలుగు, రాసుకున్నాను.

ఏం చూస్తావు ఓబులేసన్నా, అని అడిగాను.
అది ప్రశ్నల్లో లేదు.
సిగ్గుపడి ఫోను నా వైపు తిప్పాడు.
ఎవరిదో చేను. బోరు లారీ.
దుమ్ము. దుమ్ము. తెల్లటి దుమ్ము.
రాడ్డు మీద రాడ్డు దిగుతోంది.
ఒక్కసారిగా నీళ్లు, మనిషికి మూడింతల ఎత్తు,
కింద చొక్కాలతోనే తడుస్తున్న జనం.
"కదిరి పక్కన మా చేన్లో మూడేసినా.
ఆరు నూర్ల అడుగులు.
దుమ్మేనమ్మా.
దీంట్లో మాత్రం పడతాయి."

కారు వచ్చింది. లేచి గేటు తీసి, సలాము కొట్టి, వేసి వచ్చాడు.
పద్దెనిమిదోది అడిగాను.
వెలితా? అన్నాడు.
"కడవకు కదమ్మా వెలితి ఉండేది."
కాసేపు గేటు కేసి చూశాడు.
"రాసుకో. నాలుగే రాసుకో."

ఎనభై ఎనిమిదికి డెబ్బై ఒకటి.
పట్టికలో ఎర్రగా వచ్చింది: తీవ్రం.
ఇతర వివరాలు అనే గడిలో
బోర్లు మూడు, అని కొట్టాను.
లెక్క కట్టే ముందు ఆ వరుసను
ఎలాగూ తీసేస్తారు, అక్షరాలకు సగటు రాదు కదా.
తీవ్రం అబద్ధం అనను.
ఆయన కళ్లు నేను చూశాను,
కింద రెప్పల దగ్గర ఇటుక రంగు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట.
ఊరికే, ఒక్కటి చూద్దామని వెతికాను.
ఏ ఊరో, ఏ రైతో.
దుమ్ము రేగుతోంది. అమ్మ వయసు మనిషొకామె
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.
పడ్డాయి.
ఎవరో టెంకాయ కొట్టారు.
ఆమె ఏడుస్తోందో తడిసిందో
సరిగ్గా చూడనేలేదు,
అప్పటికే పైకి తోసేశాను.
ఇంకో చేను.
దుమ్ము.